వరిగ గింజంత తేడా

నాగటిచాలులో దొరికిన ఓ జేడ్ కొలబద్ద, చైనా రాజ దర్బారులో ఒక మంత్రిని తలదించుకునేలా చేసిందంటారు. అదే దేశంలో, మగ్గం ముందు కూర్చున్న ఆడవాళ్ల పాలిట కొలబద్ద మాత్రం ఏటికేడు పొడవు పెరుగుతూ పోయింది.

నాగలి కర్రుకి ఏదో తగిలి ఖంగుమంది. రైతు ఎడ్లను అదిలించి ఆపి, వంగి మట్టి తవ్వాడు. చేతికొచ్చింది రాయే. కానీ పొలంలో దొరికే రకం కాదు. జానెడు పొడవుంది, పలకలా పల్చగా ఉంది. మొలగుడ్డకేసి తుడిచాడు. ఎండలో కూడా చల్లగా తగులుతోంది. అంచు పొడవునా అడ్డంగా సన్నటి గీతలు, ఒకదానికొకటి ఒకే దూరంలో. ఎవరో ఏళ్ల తరబడి ఓపిగ్గా అరగదీసి చేసిన వస్తువది.

ఇది మూడో శతాబ్దంలో చైనాలో జరిగిందని చెప్పే కథ. ల్యూ యీచింగ్ (403-444) పేరుతో వచ్చిన ‘షిషువో షిన్యు’ అనే పిట్టకథల పుస్తకంలో ఉంది. ఎడ్లు, మట్టి, చల్లదనం నేను కలుపుకున్నవి. పుస్తకం మాత్రం ఒక్క ముక్కలో తేల్చేసింది: పొలం దున్నుతున్న రైతుకి జౌ రాజుల నాటి జేడ్ కొలబద్ద దొరికిందని, లోకంలో అసలైన కొలత అదేనని. రైతు పేరు లేదు, ఊరు పేరు లేదు. మనకూ నాగటిచాలులో దొరికినదంటే ఒక గురి. సీతమ్మ దొరికింది అలాగే కదా. నేల తానుగా ఇచ్చిన దాంట్లో మోసం ఉండదని నమ్మకం.

ఊళ్లల్లో రీసర్వే పుణ్యమా అని ఇప్పుడు ఏ రచ్చబండ దగ్గర చూసినా కొలతల మాటే. తాతల నాటి గొలుసు కొలతలో ఉన్న సెంట్లు రోవర్ కొలతలో ఎందుకు లేవని ఒకరు, పక్కవాడి గట్టు ఎందుకు జరిగిందని ఇంకొకరు. మే 20న ఏటా జరిగే ప్రపంచ కొలతల దినోత్సవానికి మూలమైన మీటరు ఒప్పందానికి 2025తో నూట యాభై ఏళ్లు నిండాయి. మీటరు రాకముందు రెండు వేల ఏళ్లకు పైగా, ‘ఈ బద్ద ఎవరిది, దీన్ని ఎందుకు నమ్మాలి?’ అన్న ప్రశ్నతో చైనా పడిన తంటా మన రచ్చబండ గొడవకి దగ్గరి చుట్టం.

చెవికి తెలిసిన కొలత

రైతుకి దొరికిన బద్ద వెళ్లి తగిలింది షున్ షూ అనే పెద్ద అధికారికి. పశ్చిమ జిన్ రాజవంశపు కొలువులో ఆయన మహా పండితుడు. ఆస్థాన సంగీతం బాధ్యత ఆయనదే. గంటలు, రాతి ఘంటికలు, వేణువులు అన్నీ కలిసి మోగితే శ్రుతి కలవడం లేదని ఆయనకి అనుమానం వచ్చింది. వెతగ్గా తేలిందేమంటే, అంతకుముందు వెయ్ రాజుల కాలంలో దూ క్వెయ్ అనే సంగీత విద్వాంసుడు వాడిన కొలబద్ద ప్రాచీనుల బద్ద కన్నా పొడవు. దాంతో షున్ షూ 274లో కొత్త కొలబద్ద చేయించి, శ్రుతి గొట్టాలను దాని ప్రకారం కోయించాడు.

శ్రుతికీ కొలబద్దకీ ఏమిటి సంబంధం? వేణువు వాయించేవాళ్లని అడిగితే చిటికెలో చెబుతారు. ఒక్కో శ్రుతికి ఒక్కో పొడవు వేణువు సంచిలో పెట్టుకుని తిరుగుతారు వాళ్లు. గొట్టం పొట్టిదైతే స్వరం పైకి పోతుంది. చైనీయుల మూల స్వరం పేరు హ్వాంగ్‌జోంగ్, అంటే ‘పసుపు గంట’. ఆ స్వరం పలికే గొట్టం పొడవు తొమ్మిది త్సున్‌లు. పది త్సున్‌లు ఒక ఛి, అంటే వాళ్ల అడుగు. ఛి మారితే గొట్టం మారుతుంది. గొట్టం మారితే రాజ్యం మొత్తానికీ శ్రుతి మారుతుంది.

కొత్త సంగీతాన్ని కొలువంతా మెచ్చుకుంది. ఒక్కడు మెచ్చుకోలేదు. ఆయన రువాన్ షియెన్. వెదురుతోట ఏడుగురు జ్ఞానుల్లో ఒకడు, తంత్రీవాద్యంలో దిట్ట. చైనాలో ఈనాటికీ ఒక వాద్యాన్ని ఆయన ఇంటిపేరుతో ‘రువాన్’ అనే పిలుస్తారు. స్వరం ఎత్తుగా ఉంది, ఎత్తు స్వరం దుఃఖం పలుకుతుంది, బాగుపడే రాజ్యం పలికే స్వరం ఇది కాదు అన్నది ఆయన అభిప్రాయం. షున్ షూకి అది మనసులో ముల్లయింది. రువాన్ షియెన్‌ని షిపింగ్ అనే చోటికి పాలకుడిగా పంపించేశారు. మన భాషలో చెప్పాలంటే, దూరపు బదిలీ.

ఆ తర్వాత రైతు నాగటికి జేడ్ బద్ద తగిలింది. దాంతో షున్ షూ తను చేయించిన వాద్యాలన్నిటినీ సరిచూసుకున్నాడు. అన్నీ పొట్టివే. ఎంత పొట్టి? ఒక్క వరిగ గింజంత. షియెన్ చెవికి తలవంచక తప్పలేదని కథ ముగుస్తుంది.

వంటింట్లో ఒక ప్రయోగం

వరిగ గింజ అన్నది మాటవరసకి వాడింది కాదు. హాన్ రాజవంశ చరిత్రలో కొలతల లెక్క మొదలయ్యేదే ఆ గింజతో. మధ్యరకం నల్ల వరిగ గింజ వెడల్పు ఒక ఫెన్. పది ఫెన్‌లు ఒక త్సున్. తొంభై గింజలు పక్కపక్కన పేరిస్తే పసుపు గంట గొట్టం పొడవు. ఆ గొట్టం నిండా పోస్తే పన్నెండు వందల గింజలు పడతాయి. ఆ గింజల బరువే తూకానికి ఆధారం. పొడవు, పరిమాణం, బరువు, స్వరం నాలుగూ ఒక్క ధాన్యపు గింజలోంచి పుట్టాయన్న మాట.

ఆ వరిగే మన మెట్ట పొలాల్లోనూ పండేది. చిరుధాన్యాల దుకాణంలో పొట్టు తీయని వరిగలు కొంచెం తెచ్చి, స్కూలు పిల్లల స్కేలు పక్కన పెట్టుకుని కూర్చున్నాను. నున్నటి గింజలు, వేలు తగిలితే జారిపోతాయి. పిండి ముద్దని సన్నగా తీగలా చేసి దాని మీద అద్దితే గానీ నిలబడలేదు. అడ్డంగా పది గింజలు పేరిస్తే రెండు సెంటీమీటర్లు దాటింది. అవే పదీ నిలువుగా, ముక్కూ తోకా కలిపి పేరిస్తే ఇంచుమించు మూడు. లావు గింజలు ఏరి పేరిస్తే మళ్లీ వేరే లెక్క.

గింజని ఏ వైపు తిప్పాలన్న దాని మీదే చైనా పండితులు శతాబ్దాల పాటు వాదులాడుకున్నారు. చివరికి చింగ్ చక్రవర్తి కాంగ్‌షి రెండిటికీ చోటిచ్చాడు. వంద గింజలు నిలువుగా పేరిస్తే కట్టడాల ఛి, 32 సెంటీమీటర్లు. అవే వంద అడ్డంగా పేరిస్తే సంగీతపు ఛి, దాదాపు 26 సెంటీమీటర్లు. నా బల్ల మీద పిండిముద్దకి అంటుకున్న గింజలు చూశాక ఆ వాదులాట నాకు వెర్రిగా అనిపించలేదు.

> ఒకే పేరు, ఎన్ని పొడవులో
>
> షాంగ్ కాలానివిగా చెప్పే దంతపు బద్దలు: 15.8 సెం.మీ.
>
> క్రీ.పూ. నాలుగో శతాబ్దపు చిన్ రాజ్యం నుంచి తొలి హాన్ కాలం దాకా: సుమారు 23.1 సెం.మీ.
>
> టాంగ్ కాలం: సుమారు 30 సెం.మీ.
>
> చింగ్ కాలపు కట్టడాల ఛి: 32 సెం.మీ.
>
> నేటి చైనా బజారు ఛి: మీటరులో మూడో వంతు
>
> హాంకాంగ్ ఛి: 37 సెం.మీ. పైచిలుకు

జేడే ఎందుకు?

వెదురు బద్ద ఎండకి వంగుతుంది. చెక్కకి చెద పడుతుంది. దంతం పగుళ్లిస్తుంది. కంచు వాడగా వాడగా అరుగుతుంది, మట్టిలో పడితే చిలుము తింటుంది. జేడ్‌కి ఇవేవీ అంటవు. ప్రాచీన చైనా జేడ్ అంటే ఎక్కువగా నెఫ్రైట్. సన్నటి నార పోగులు ఒకదాంట్లో ఒకటి పెనవేసుకున్నట్టుండే రాయి. ఉక్కు కత్తితో గీసినా సులువుగా గీత పడదు, సుత్తి దెబ్బకీ తొందరగా పగలదు.

అలాంటి రాతి మీద గీతలు గీయడం ఎలా? మనం ‘చెక్కిన జేడ్’ అంటాం కానీ జేడ్‌ని ఉలితో చెక్కరు. గంధం చెక్కని సాన మీద అరగదీసినట్టు అరగదీస్తారు. కాళ్లతో తొక్కితే తిరిగే ఇనుప చక్రం, దాని అంచుకి నీళ్లతో తడిపిన గరుకు ఇసుక. రాయిని కోసేది చక్రం కాదు, ఆ ఇసుక రేణువులు. ఒక చేత్తో రాయి పట్టుకుని ఇంకో చేత్తో తడి ఇసుక అందిస్తూ ఉండాలి. తొందరపడితే గీత వెడల్పవుతుంది, ఒకసారి పడ్డ గీత మళ్లీ చెరగదు. కొలబద్దకి పది గీతలు సమంగా పడాలంటే ఆ పనివాడి ఊపిరి కూడా అదుపులో ఉండాలి.

రాయి వచ్చేది పడమటి ఎడారి అంచున ఉన్న ఖోటాన్ నుంచి. కున్‌లున్ కొండల మీంచి దిగే యురుంగ్‌కాష్, కరకాష్ నదుల్లో వరద తగ్గాక గులకరాళ్ల మధ్య ఏరుకునేవాళ్లు. ఆ పేర్లకి తెల్ల జేడ్, నల్ల జేడ్ అనే అర్థం.

ఇంకొక గుణం ఉంది జేడ్‌కి. తడితే నిండుగా, తేటగా మోగుతుంది. అందుకే శ్రుతి గొట్టాలు, ఘంటికలు కూడా జేడ్‌తో చేసేవాళ్లు. కన్ఫ్యూషియస్ సంప్రదాయంలో జేడ్ సజ్జనుడికి గుర్తు: అంచు ఉన్నా కోయదు, లోపల లోపముంటే దాచుకోదు. ఏ చేతిలో పడ్డా పొడవు మారని కొలబద్ద కావాలని కొలిపించుకునేవాళ్లు కోరుకుంటారు. ఆ కోరికకి ఇంతకన్నా తగిన రాయి లేదు. నాగటిచాలు కథ వెయ్యిన్నర ఏళ్లు బతకడానికి కారణం ఆ కోరికేనని నాకనిపిస్తుంది.

కథకి ఇంకో ముఖం

జిన్ రాజవంశపు అధికారిక చరిత్ర ఇదే సంగతిని వేరేలా చెబుతుంది. అందులో దొరికింది జేడ్ బద్ద కాదు, కంచు బద్ద. షిపింగ్‌లో నేల తవ్వితే బయటపడింది. చిలుము తిని పాడైపోయే దశలో ఉంది, ఏ కాలానిదో ఎవరికీ తెలియదు. షున్ షూ బద్ద కన్నా నాలుగు ఫెన్‌లు పొడవు. జనమంతా షియెన్‌దే ఒప్పు అన్నారు.

కానీ షున్ షూ తన బద్దని గాలిలోంచి తీయలేదు. ఏడు ప్రాచీన వస్తువులతో సరిచూసుకున్నాడు. అందులో రెండు జేడ్ శ్రుతి గొట్టాలు, ఒకటి హాన్ కాలపు కంచు కొలపాత్ర, పాత నాణేలు కూడా ఉన్నాయి. అంతకన్నా ఎంతో పాతదైన మరో వెయ్ రాజ్యపు రాజు సమాధిలో బయటపడ్డ జేడ్ గొట్టాలు, గంటల స్వరం ఆయన కొత్త స్వరంతో కలిసిందని కూడా చరిత్రకారులు రాశారు. ఊరూ పేరూ లేని ఒక్క బద్దని పట్టుకుని ఇన్ని ఆధారాలని తోసేస్తారా అని వాళ్లు గట్టిగానే మందలించారు.

ఈనాటి తవ్వకాల లెక్క షున్ షూ వైపే మొగ్గుతోంది. షాంఘై మ్యూజియంలో గుప్పెడంత కంచు పాత్ర ఒకటుంది. క్రీ.పూ. 344లో చిన్ రాజ్యపు మంత్రి షాంగ్ యాంగ్ చేయించిన కొలపాత్ర. దాని లోపలి పరిమాణం ఎన్ని ఘన త్సున్‌లో పక్కనే చెక్కి ఉంది: పదహారూ, ఇంకో ఐదో వంతూ. ఇప్పుడు పాత్ర లోపలి కొలతలు తీసుకుని వెనక్కి లెక్క కడితే ఛి పొడవు 23 సెంటీమీటర్ల పైచిలుకు తేలుతుంది. క్రీ.శ. 9లో వాంగ్ మాంగ్ చేయించిన ప్రామాణిక పాత్ర ప్రకారం కట్టినా దాదాపు అంతే. షున్ షూ చేరింది కూడా అక్కడికే. మనిషిగా ఆయన కక్ష కట్టి ఉండొచ్చు, కొలతలో మాత్రం తప్పు చేయలేదు. అయినా లోకం జ్ఞాపకంలో మిగిలింది ఏడు ఆధారాలు కాదు, నేల ఇచ్చిన ఒక్క జేడ్ బద్ద.

మగ్గం మీద పడ్డ బరువు

ఇంతవరకూ పండితుల గొడవ. అసలు దెబ్బ తగిలింది వేరే చోట.

పైన బాక్సులో అంకెలు మళ్లీ చూడండి. షున్ షూ పట్టుకున్న 23 సెంటీమీటర్ల ఛి, టాంగ్ కాలానికి 30 అయింది. ఈ పెరుగుదలంతా దాదాపు మూడు శతాబ్దాల్లోనే జరిగిపోయింది. కారణం పట్టుకున్నది వాంగ్ గ్వోవెయ్ (1877-1927) అనే పండితుడు. పాత బద్దలన్నిటినీ వరసగా పెట్టి చూసి ఆయన తేల్చింది ఒక్కటే: ఆ కాలంలో పన్ను డబ్బుగా కాదు, గుడ్డగా కట్టేవాళ్లు. వసూలు చేసేవాడి చేతిలోనే కొలబద్ద. బద్ద కాస్త పొడవైతే తాను కాస్త పొడవొస్తుంది.

లెక్క వేద్దాం. ఒక తాను అంటే నలభై ఛి పొడవు, రెండు ఛిల రెండు త్సున్‌ల వెడల్పు. పాత ఛి ప్రకారం తాను పొడవు తొమ్మిది మీటర్ల పావు. ఉత్తర వెయ్ రాజుల చివరి కాలపు ఛి 29.6 సెంటీమీటర్లు. ఆ లెక్కన అదే ‘నలభై ఛిల తాను’ పన్నెండు మీటర్లకి దగ్గర. చట్టంలో ఒక్క అక్షరం మారలేదు, పన్ను పెంచుతున్నామని ఎవరూ చాటింపు వేయలేదు. మగ్గం మీద మాత్రం దాదాపు ఆరు మూరలు అదనం. 486 నాటి చట్టం ప్రకారం మొగుడూ పెళ్లాం ఉన్న ఇల్లు ఏడాదికి ఒక తాను పట్టు కట్టాలి.

ఆరు మూరలంటే ఏమిటో చీరాల వాళ్లకీ పోచంపల్లి వాళ్లకీ వివరించక్కర్లేదు. అంత పొడవుకి పడుగు ఎక్కువ తోడాలి, అన్ని పట్టుపురుగులకి ఆకు ఎక్కువ కోయాలి, అంతసేపు దీపం దగ్గర కూర్చోవాలి. అక్కడ మగ్గం పని ఎక్కువగా ఇంటి ఆడవాళ్లది. కొలబద్ద మీద గీత జరిగిందని వాళ్లకి చెప్పిన పండితుడెవడూ లేడు. నిరుడు సరిపోయిన దారం ఈ ఏడు చాలలేదని చేతికి తెలిసి ఉంటుంది.

పైవాళ్లకి తెలియక కాదు. 495లో షియావోవెన్ చక్రవర్తి పొడవు బద్దల్ని, పెద్ద కుంచాల్ని రద్దు చేసి ప్రాచీన కొలతల ప్రకారం నడవమని దేశమంతటా చాటించాడు. ఆయన పోయాక మళ్లీ మామూలే. ఆరో శతాబ్దం మొదట్లో జాంగ్ పుహుయీ అనే అధికారి కొలువుకి ఒక విన్నపం రాశాడు. అందులో ఒక మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. తాను పొడవూ వెడల్పూ ఎంత ఎక్కువొచ్చినా, ఎక్కువ తీసుకున్నందుకు ఏ అధికారినీ శిక్షించినట్టు వినలేదట. అదే ఒక్క తాను నాసిగా ఉంటే ఇంటి యజమానిని కొరడాతో కొట్టేవాళ్లట, ఊరి పెద్దల్ని కూడా కలిపి. కొలబద్ద చరిత్ర ఎవరైనా రాయబోతే ఆ విన్నపంతో మొదలుపెట్టాలంటాను.

> గాదె కింద జేడ్
>
> 561-565 మధ్య ఉత్తర జౌ రాజుల కాలంలో ధాన్యం గాదెకి మరమ్మతు చేస్తూ నేల తవ్వితే పాత జేడ్ కొలపాత్ర ఒకటి దొరికింది. దాన్నే ప్రమాణంగా పెట్టుకుని దేశానికి కొత్త కొలతలు కట్టారు. ఆ పాత్ర నుంచి వచ్చిన ఛికి ‘జేడ్ ఛి’ అనే పేరు. తర్వాతి కాలంలో లీ చున్‌ఫెంగ్ పాత ఛిలన్నిటినీ షున్ షూ బద్దతో పోల్చి పదిహేను రకాలుగా జాబితా కట్టాడు. జేడ్ ఛి అందులో 1.158 రెట్లు. అంటే 27 సెంటీమీటర్లకి కొంచెం తక్కువ. షున్ షూ బద్ద సరైనదైతే, నేలలోంచి వచ్చిన ఈ జేడ్ పాతదే గానీ ప్రాచీన ఛి మాత్రం కాదు.

రాజుగారి కానుక

టాంగ్ కాలానికి వచ్చేసరికి కొలబద్ద నగలా తయారైంది. రెండో నెల రెండో రోజున ఆస్థాన పనివాళ్లు చెక్కిన దంతపు బద్దలు చక్రవర్తికి సమర్పించాలని నియమం ఉండేది. పగలూ రాత్రీ సమానమయ్యే వసంతకాలంలో కొలతలన్నీ సరిచూసుకోవాలన్నది పాత ఆచారం. 789లో డెజోంగ్ చక్రవర్తి రెండో నెల మొదటి రోజుని పండగ చేశాడు. అప్పట్నుంచి ఆ రోజున అధికారులకు కొలబద్దలు బహుమతిగా ఇచ్చేవాళ్లు. మహాకవి బై జుయి కూడా ఒకటి అందుకుని కృతజ్ఞత రాసుకున్నాడు. ఎర్ర దంతం మీద వెండి గుర్తులున్న బద్ద అది.

అలాంటివి ఎలా ఉండేవో చూడాలంటే జపాన్ వెళ్లాలి. నారాలోని తోదైజీ ఆలయం షోసోఇన్ ఖజానాలో ఎర్రవి, పచ్చవి దంతపు బద్దలున్నాయి. 756లో షోము చక్రవర్తి చనిపోయిన 49వ రోజున రాణి కోమ్యో ఆయన ఇష్టంగా వాడుకున్న వస్తువుల్ని బుద్ధుడికి సమర్పించింది. ఆ జాబితాలో ఇవీ ఉన్నాయి. దంతానికి ముందు రంగు పట్టించి, తర్వాత సూదిమొన లాంటి పనిముట్టుతో పైపొర గీరేస్తారు. గీరిన చోట లోపలి తెలుపు బయటపడుతుంది. పువ్వు, పక్షి, జంతువు అన్నీ అలా గీరి తీసినవే. ఎంత దగ్గరగా చూసినా పక్షి రెక్కలో ఈక ఈకా విడిగా కనబడుతుంది. అంత అందమైన బద్దతో ఎవరూ గుడ్డ కొలవరు. చేతికిచ్చినవాడు ‘న్యాయంగా కొలువు’ అని చెప్పడమే దాని పని.

ఈనాటి పురావస్తువుల బజారులో ‘ప్రాచీన జేడ్ కొలబద్ద’ అంటూ అమ్మేవాటిని చూసేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఎముకకి, చెక్కకి కార్బన్ పరీక్షతో వయసు చెప్పొచ్చు, జేడ్‌కి కుదరదు. రాయి ఎప్పుడూ పాతదే, పనితనం నిన్నటిది కావచ్చు. కాగితం ఎగరకుండా పెట్టే బద్దరూపు బరువులు కూడా చైనా పండితుల బల్లల మీద ఉండేవి. వాటికీ కొలబద్దకీ తేడా తెలియక మోసపోవడం తేలిక. నేనైతే ముందు గీతలు లెక్కపెడతాను, ఆ తర్వాత గీతకీ గీతకీ మధ్య దూరం చూస్తాను. ఏ కాలం ఛికీ పొంతన కుదరకపోతే ఆ బద్ద ఏదీ కొలిచింది కాదు.

మళ్లీ ఆ పొలానికి

కథ నిజమే అనుకుని రైతు వైపు నుంచి ఒక లెక్క చూద్దాం. షున్ షూ కొత్త బద్ద సంగీతానికే పరిమితమైంది, జనంలోకి పెద్దగా పోలేదని జిన్ చరిత్రే చెబుతోంది. పన్ను గుడ్డ కొలిచింది పాత పొడవు బద్దతోనే. అది 24.2 సెంటీమీటర్లు. 280లో వచ్చిన చట్టం ప్రకారం మగదిక్కున్న ఇల్లు ఏడాదికి మూడు తానుల పట్టు, చైనా తూకంలో మూడు కట్టీల పట్టుదూది ఇవ్వాలి. మూడు తానులంటే 120 ఛి. ఖజానా బద్దతో అది 29 మీటర్లు.

నాగటిచాలులో దొరికిన జేడ్ బద్ద షున్ షూ బద్ద కన్నా వరిగ గింజంత పొడవు, ఖజానా బద్ద కన్నా పొట్టి. లోకానికంతటికీ సరైన కొలత అదేనన్నవాళ్లు దాన్ని వీణల దగ్గరికి, గంటల దగ్గరికి తీసుకెళ్లారు. పన్ను వసూలు చేసే చావడికి తీసుకెళ్లి ఉంటే ఆ రైతు ఇంట్లో ఏటా ఒక మీటరు పట్టు మిగిలేది.